చండకేతుకు ఒక ముఖం కావాలి

ఆ సోమవారం పొద్దున బదరీనారాయణ చేతిలో ఉన్నవి ఇవి: ప్రొద్దుటూరు బజారులో ఒక పుస్తకాల దుకాణం, దాని వెనక గదిలో పెళ్లి కార్డులు అచ్చేసే మిషను, ఎవరూ కొనని రెండు నవలలు, అందరూ కొంటారని ఆయన నమ్ముతున్న ఒక బొమ్మల పుస్తకం.

ఈ మూడు పుస్తకాలకూ మూలం టీవీలో ఆదివారం పొద్దున వచ్చే 'శూన్యదళం' సీరియల్. ఆకాశనౌకలో తిరిగే సేనాని విక్రాంతుడు, అతని గ్రహాన్ని కాజేయాలని చూసే మూడు కళ్ల చండకేతు. పిల్లలకు వారమంతా అదే మాట. సీరియల్ పేరుతో పుస్తకాలు వేసుకోవడానికి బదరీనారాయణ మద్రాసు కంపెనీ దగ్గర అనుమతి తెచ్చుకున్నాడు.

మొదటి నవల రిటైరైన తెలుగు పండితుడు నరసింహయ్య రాశాడు. ఆయన ఇంట్లో టీవీ లేదు. భాష గొప్పగా కుదిరింది. ఆకాశనౌక బయలుదేరేసరికి సగం పుస్తకం అయిపోయింది, అందాకా వెన్నెల వర్ణన. రెండోది ఒక డిటెక్టివ్ రచయిత తన పాత నవలనే తిరగరాసి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ అని ఉన్నచోటల్లా విక్రాంతుడనీ, జీపు అని ఉన్నచోటల్లా ఆకాశనౌక అనీ మార్చాడు. అందువల్ల ఆకాశనౌకకు ముద్దనూరు దగ్గర పంక్చరైంది.

నెలకొక సంచికగా తేవాలనుకున్న బొమ్మల పుస్తకానికి బొమ్మలు వేసింది హబీబుల్లా. దుకాణాల బోర్డులు, ఎలక్షన్లప్పుడు గోడల మీద నాయకుల బొమ్మలు రాయడం అతని పని. సీరియల్ పేర్లు వాడుకోవచ్చు గానీ నటుల ముఖాలు వాడాలంటే రుసుము వేరే అని కంపెనీ వాళ్లు షరతు పెట్టారు. బదరీనారాయణ ముఖాలు కొనలేదు. "ముఖాలు నువ్వే పెట్టప్పా" అని హబీబుల్లాకు చెప్పేశాడు.

జమ్మలమడుగు బస్సులో ఒక కట్ట, పులివెందుల బస్సులో ఒక కట్ట వేయించి, తీరిగ్గా ఉగ్గాని బజ్జీ తినాలన్నది ఆ పొద్దుటి ఆలోచన. అనుకున్నట్టే వేయించాడు, తిన్నాడు.

మధ్యాహ్నానికి దుకాణం ముందు జీపు ఆగింది. పెద్దన్న దిగాడు. జమ్మలమడుగు దిక్కున ఒక పార్టీకి పెద్ద అయిన ఓబులయ్యకు అతను కుడిభుజం. బొమ్మల పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు.

"శెట్టీ, ఈ మూడు కండ్లోడు ఎవురు?"

"చండకేతు గదప్పా. టీవీలో వస్తాడు."

"ఆ మీసం చూడు. ఆ బుగ్గ మీద మచ్చ చూడు. టీవీలోనోడా, మా అన్ననా?"

బదరీనారాయణ కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. మూడో కన్నును వేలితో మూసి చూశాడు. ఓబులయ్యే. పేజీ తిప్పితే, సేనాని విక్రాంతుడు పులివెందుల దిక్కున ఎదుటి పార్టీని నడిపే రంగన్న. ఏటా రెండు దిక్కులా శవాలు లేచే పగ ఆ ఇద్దరిదీ. ఓబులయ్య మెడ మీద రంగన్న కాలు పెట్టి ఉన్నాడు.

"మీ అన్న ఏమన్నాడప్పా?"

"నవ్వినాడు. మా అన్న నవ్వితే మంచిది కాదు శెట్టీ. వచ్చే నెల పుస్తకంలో సరి చెయ్యి. లేదంటే నీ దుకాణం యాడుండేదో జనానికి గుర్తు కూడా ఉండదు."

జీపు వెళ్లాక బదరీనారాయణ హబీబుల్లాను పిలిపించాడు.

"శెట్టీ, గోడల మీద ఎప్పుడు చూసినా ఈ ఇద్దరినే రాస్తాండా. ఇంగో ముఖం చేతికి రావడంల్యా."

"సరే, ఓబులయ్యకే మూడో కన్ను యాల పెట్టినావు?"

"రంగన్నకు నొసలు చిన్నది. జాగా చాల్లేదు."

రెండో సంచికలో చండకేతు మూడో కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. మనసు మార్చుకున్నాడు. విక్రాంతుడు సంతోషించి, గ్రహంలో సగం అతనికి రాసిచ్చాడు. పెద్దన్న చూసి తలూపాడు. బదరీనారాయణ ఊపిరి పీల్చుకున్నాడు. మర్నాడు పులివెందుల నుంచి ఇంకో జీపు వచ్చింది. అందులోంచి రంగన్న మనిషి లింగమయ్య దిగాడు.

"మా అన్న సగం గ్రహం ఇచ్చేసినాడంటనే. ఎవుర్నడిగి ఇచ్చినాడు?"

"అది ఆకాశంలో గదప్పా."

"ఆకాశమైతే ఏంది? ఈ పొద్దు ఆకాశం ఇచ్చినోడు రేపు మన తొండూరు ఇయ్యడా అని ఊర్లో అడుగుతాండారు. ఏం చెప్పల్ల? దుకాణం అవతలోడు తగలబెడతాడని భయపడితివి. మాకు తగలబెట్టను రాదనుకున్యావా?"

మూడో సంచిక అచ్చయ్యేటప్పుడు మిషనుకు ఇటువైపు పెద్దన్న, అటువైపు లింగమయ్య బెంచీలు వేసుకుని కూర్చున్నారు. ప్రతి పేజీ ఇద్దరూ చూశాకే అచ్చుకు వెళ్లేది. ఒకరి నౌకకు రెక్క పెరిగితే రెండోవారి నౌకకూ పెరగాలి. ఒకరు కుర్చీలో కూర్చుంటే రెండోవారికీ అంతే ఎత్తు కుర్చీ. ముందు ఎవరు తుపాకీ పేల్చాలో తేలక తుపాకులు తీసేశారు. చివరికి ఆకాశంలో ఇద్దరు పెద్దమనుషులు ఎదురెదురుగా కూర్చుని ఒకరి క్షేమం ఒకరు అడిగి తెలుసుకునే పుస్తకం తయారైంది.

బదరీనారాయణ భార్య అన్నపూర్ణమ్మ అది చదివి పక్కన పెట్టింది. "బాగుండావా అంటే బాగుండా అనుకుంటాండారు. ఇంతేనా? దీనికంటే ఆ పంక్చరు నవలే నయం."

పిల్లలు పుస్తకం తెరిచి, మళ్లీ తాడుకు తగిలించి వెళ్లిపోయారు. అది పెద్ద నష్టం కాదు. కొట్లాట లేకుండా కూర్చున్నందుకు మీ అన్న భయపడ్డాడని ఓబులయ్య ఊళ్లో ఒకరు, రంగన్న ఊళ్లో ఒకరు అన్నారు. రెండు జీపులూ ఒకే పూట వచ్చి దుకాణం ముందు ఆగాయి. ఎదుటి అంగడివాళ్లు షట్టర్లు దించుకున్నారు.

"కొట్లాట ఉండల్ల. మా అన్న గెలవల్ల" అన్నాడు పెద్దన్న.

"కొట్లాట ఉండల్ల. గెలిచేది మా అన్న" అన్నాడు లింగమయ్య.

బదరీనారాయణ ఇద్దరినీ చూశాడు. ఇద్దరికీ సరిపోయేటట్టు బేరం తెంపడం ఆయనకు వచ్చిన ఒకే విద్య. "ఇద్దరూ గెలుస్తారప్పా. ఓడిపోయేదానికి మూడోవాణ్ని ఒకణ్ని తెస్తా. మీ అన్నలిద్దరూ కలిసి వాణ్ని తంతారు. వానికి ఏ పార్టీతోనూ సంబంధం ఉండదు."

ఇద్దరూ ఆలోచించారు. ఆ రెండు పార్టీలూ ఒక మాటకు ఒప్పుకోవడం అదే మొదలు.

"హబీబుల్లా, ఏ పార్టీకీ చెందని ముఖం ఒకటి వెయ్యి. ఎవురిదైనా సరే" అని చెప్పి బదరీనారాయణ కాగితం కొనడానికి కడపకు పోయాడు. తిరిగొచ్చేసరికి పెద్దన్న, లింగమయ్య దగ్గరుండి పుస్తకం అచ్చు వేయించి, కట్టలు కట్టించి, బస్సుల్లో కూడా వేయించేశారు. ఎవరి అన్నను వాళ్లు జాగ్రత్తగా చూసుకున్నారు. మూడోవాడి జోలికి ఎవరూ పోలేదు.

ప్రొద్దుటూరు బస్టాండులో దిగుతుంటే ఒక ఆడపిల్ల చేతిలోని పుస్తకాన్ని చూసి, ఆయన్ను చూసి, మళ్లీ పుస్తకాన్ని చూసి, కెవ్వుమని తల్లి కొంగు పట్టుకుంది. బదరీనారాయణ ఆ పుస్తకం అడిగి తీసుకున్నాడు. కొత్త రాక్షసుడికి బట్టతల. చెవి మీద పెన్ను. మూడు కళ్లు, మూడింటికీ కళ్లద్దాలు. ఓబులయ్య ఒక చెవి, రంగన్న ఒక చెవి పట్టుకుని అతన్ని అగ్నిగుండంలోకి విసిరేస్తున్నారు.

"ఏంది హబీబుల్లా ఇది?"

"ఏ పార్టీకీ చెందనిది అంటివి గదా శెట్టీ. ఈ రెండు తాలూకాల్లో యెతికితే నీదొక్కటే దొరికింది."

పుస్తకం సాయంత్రానికి ఒక్కటి మిగల్లేదు. దాన్ని పల్లెల్లో గట్టిగా చదివి వినిపించారట. పెద్దన్న, లింగమయ్య వేరువేరుగా వచ్చారు గానీ అడిగింది ఒకటే.

"శెట్టీ, ఈ మూడద్దాలోడు వచ్చే నెల ఉంటాడా? మా అన్న అడగమన్నాడు."

బదరీనారాయణ దుకాణం గోడలను ఒకసారి చూసుకున్నాడు. "ఉంటాడప్పా. బూడిదలోంచి లేస్తాడు."

ఏడాది తిరిగాక చూసుకుంటే లెక్క సరిపోయింది: దుకాణం నిలిచింది, రెండు జీపులూ ఆగి పలకరించి పోతున్నాయి, ఆ ఏడు రెండు దిక్కులా కలిపి నెలనెలా చచ్చినవాడు బదరీనారాయణ ఒక్కడే.