తొమ్మిది వందల పన్నెండు మ్యాన్‌హోళ్ల నట్టనడుమ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మూతల్లేని మ్యాన్‌హోళ్ల మీద వచ్చిన తొమ్మిది వందల పన్నెండు ఫిర్యాదులను ఒక్క రోజులో పరిష్కరిస్తున్నట్టు మంత్రిగారు ప్రకటించారు. అంతటి కార్యం నేను చూశాను. టెంట్‌హౌస్ వాణ్ణి, కుర్చీలు వేసింది నేనే.

పొద్దున వార్డు ఆఫీసులో పట్టాభి అనే అధికారి మంత్రిగారికి పెద్ద తెర మీద పటం చూపించారు. ఫిర్యాదుకొక ఎర్ర చుక్క.

"పటంలో ఊరంతా ముందే పెట్టెల్లో పెట్టెలుగా సర్దిపెట్టాం సార్. మీరు వేలితో గడి గీస్తే చాలు, అందులో చుక్కలనే తీసి కంప్యూటరే గుంపులు కడుతుంది. గుంపుకొక కేంద్రం, కేంద్రానికొక ఫిర్యాదు."

మంత్రిగారు గీశారు. తొమ్మిది వందల పన్నెండు కాస్తా తొమ్మిదయ్యాయి.

"ఇంకా తగ్గుతయా?"

"ఎన్ని కావాలో సెలవివ్వండి సార్."

మంత్రిగారు చాలాసేపు ఆలోచించి, "ఒకటి" అన్నారు.

ఒకటే అయింది. దాని కేంద్రం సరూర్‌నగర్ చెరువు నడుమ పడింది.

"నీళ్లల్ల మ్యాన్‌హోల్ ఏందయ్యా?"

"కేంద్రంలో ఫిర్యాదు ఉండాలని లేదండి. అందరికీ నడుమ ఉంటుంది. అందరికీ న్యాయం."

మా గల్లీ మొదట్లో ఇడ్లీ బండి పెట్టుకున్న సుమిత్రమ్మ ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమె భర్త మట్టయ్యకు చూపు సరిగా ఆనదు. వానాకాలంలో ఆ గల్లీ మ్యాన్‌హోల్‌లోనే పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి ఆమె దాని మీద ప్లాస్టిక్ కుర్చీ పెట్టి ఎర్రగుడ్డ కట్టింది. గుడ్డ కనపడితే ఆయన పక్కకు తిరుగుతాడు.

"మా గల్లీ మూత ఎప్పుడేస్తరు సారూ?"

"ఈ సాయంత్రమేనమ్మా. చెరువులో."

"మేం చెరువుల ఉంటలేం కద సారూ!"

"మీ చుక్క ఆ గుంపులోదేనమ్మా" అన్నారు పట్టాభిగారు, ఎంతో ఓపికగా.

సాయంత్రం చెరువు కట్ట మీద సభ. మంత్రిగారికని తెచ్చిన సోఫాను కట్ట ఎక్కించేటప్పుడు దాని కాలు విరిగింది. నా కుర్చీలన్నీ అప్పటికే జనంతో నిండిపోయాయి. పార్టీ కార్యకర్త సాయినాథ్ చురుకైనవాడు. బండి మీద పోయి పది నిమిషాల్లో ఒక కుర్చీ తెచ్చాడు. ఎర్రగుడ్డ కూడా కట్టి ఉంది.

"చూసినవా అన్నా, అలంకారంతోనే దొరికింది."

ఎక్కడిదని నేను అడగలేదు.

మంత్రిగారు పూలదండ వేసిన ఇనుప మూతతో పడవెక్కి, ఫోన్ చూపించిన చోట దాన్ని విడిచారు. బుడుంగున మునిగింది. సభలో పెట్టిన తెర మీద సున్నా వచ్చింది. బ్యాండు మోగింది. మంత్రిగారు ఒడ్డుకొచ్చి కూర్చున్నారు.

అప్పుడే వచ్చిన సుమిత్రమ్మ నేరుగా వేదిక ఎక్కింది.

"సారూ, జర లేవుండ్రి. గది మా కుర్చీ."

మంత్రిగారు లేచారు. కుర్చీ అందుకుంటుండగా ఆమె ఫోన్ మోగింది. పక్కింటి ఉదయలక్ష్మి గొంతు నాక్కూడా వినపడింది.

"అక్కా, జల్ది రా. అన్నకు కుర్చీ కనపళ్లే."

సుమిత్రమ్మ కుర్చీ నెత్తిన పెట్టుకుని ఉరికింది. తెర మీద మా గల్లీ దగ్గర కొత్త ఫిర్యాదుగా ఒక ఎర్ర చుక్క వెలిగింది. సున్నా పోయి ఒకటి వచ్చింది.

పట్టాభిగారు తొణకలేదు. ఆ చుక్క బయట పడేలా గడి గీతను రెండు వేళ్లతో కాస్త ఇవతలికి జరిపారు.

మళ్లీ సున్నా.

అందరం చప్పట్లు కొట్టాం. కుర్చీ లేదు కనుక మంత్రిగారు నిలబడే కొట్టారు.