ఎదిగే రోడ్డు, దిగే ఇళ్ళు

ఈ రాష్ట్రంలో ఎవరు ఎదిగినా ఎదక్కపోయినా, మా స్టేట్ హైవే మాత్రం ఎదుగుతోంది! పొడవు కాదు. వెడల్పు అసలే కాదు. ఎత్తు!

నమ్మకం లేకపోతే తెనాలిలో రేపల్లె బస్సెక్కి మా ఊళ్ళో దిగండి. ఊరి పేరెందుకు? "ఇళ్ళు గోతిలో ఉండే ఊరు" అనండి, కండక్టరే దింపేస్తాడు. బస్సు దిగటంతో పని అయిపోదు. రోడ్డు మీంచి ఇళ్ళలోకి ఇంకోసారి దిగాలి.

గిట్టనివాళ్ళు ఏదో అంటారు. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త తారు పోస్తున్నారట. పోస్తే ఏంటి? అట్టు మీద అట్టు వేస్తే తినేవాడికి చేదా?

మొన్న కుళాయి గొట్టం కోసం తవ్వితే రోడ్డు పొరలు పొరలుగా బయటపడింది. అడుగున కంకర. ఆ పైన ఒక్కో పొర ఒక్కో ఎన్నిక. బడి మాస్టారొకాయన పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఏ పొర ఏ ప్రభుత్వానిదో చూపించాడు. సాంఘికశాస్త్రం ఇంత గట్టిగా ఏ పుస్తకంలో దొరుకుతుంది?

ఇక లాభాలు చెప్పమంటారా? మా పక్కింటి గౌరీశంకరం మాస్టారి ఇల్లే తీసుకోండి. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. వాళ్ళ నాన్నగారు కట్టిన ఇల్లు. అప్పట్లో వీధిలోంచి మెట్లెక్కి అరుగు మీదికి వెళ్ళేవాళ్ళు. రోడ్డు ఎదిగాక, ఈ ఎండాకాలం దాకా, దాని మీంచి మెట్లు దిగి వెళ్ళేవాళ్ళు. పెద్దాయన ఇంటికి తలొంచుకుని వెళ్ళటం మర్యాద కాదా?

ఆ ఇంటి కిటికీ రోడ్డు మట్టానికి వచ్చింది. అందులోంచి మనుషుల మొహాలు కనపడవు, పాదాలే కనపడతాయి. మాస్టారి భార్య బాలసరస్వతిగారు ఆ పాదాలు చూసి ఊరి కబుర్లన్నీ చెప్పేస్తారు. ఎవరు కొత్త చెప్పులు కొన్నారు, ఎవరు ఎవరింటి ముందు ఆగి ఆగి నడుస్తున్నారు, అన్నీ! ఏ సీసీ కెమెరాకి ఈ తెలివి ఉంది?

సన్‌షేడ్ సరిగ్గా నడుం ఎత్తుకి వచ్చింది. బాపట్ల బస్సు కోసం నిలబడ్డవాళ్ళు దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటారు, హెల్మెట్లు పెట్టుకుంటారు. ఒకాయన పేకాట కూడా మొదలెట్టబోయాడు.

పూజగదిలో దీపం ఖర్చు తప్పింది. చీకటి పడితే చాలు, పోయే ప్రతి లారీ లైట్లు సూటిగా దేవుడి పటాల మీద పడతాయి. ఇంతమంది డ్రైవర్లు కులం మతం లేకుండా హారతిచ్చే గుడి ఇంకెక్కడైనా ఉందా?

దొంగల భయం కూడా లేదు. దిగటం తేలికే. బీరువాతో ఎక్కొద్దూ!

వానాకాలం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పోయినేడు రోడ్డు మీద పడ్డ ప్రతి చుక్కా మెట్లు దిగి మాస్టారింట్లోకే వచ్చింది. బియ్యం డబ్బా వంటింట్లోంచి పడకగది దాకా తేలుకుంటూ వచ్చి పలకరించింది. పెనుమూడి వెళ్ళి కృష్ణలో మునగాల్సిన పని లేదు. మంచం దిగితే మాస్టారికి స్నానమైపోయేది.

బాలసరస్వతిగారికి మాత్రం బొత్తిగా కృతజ్ఞత లేదు. ఈ ఎండాకాలం ఆవిడ మాస్టారికి ఒకే మాట చెప్పారు.

"తొలకరికి ఇల్లైనా పైకి లేవాలి, నేనైనా సంగం జాగర్లమూడి మా చెల్లెలింటికి పోవాలి. మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి ఇంకో ఏడు వంట చెయ్యను."

మాస్టారు మొదట నవ్వారు. తర్వాత వంటింట్లోకి తొంగిచూసి నవ్వు ఆపేశారు. కొత్తావకాయ జాడీలు అప్పుడే జాగర్లమూడి వెళ్ళిపోయాయి. గుంటూరు జిల్లా ఇల్లాలు చెల్లెలింటికి పోతానంటే అది బెదిరింపు. ఆవకాయ పంపించేసిందంటే అది నిర్ణయం!

పరుగున తెనాలి వెళ్ళి డేనియల్‌ని తీసుకొచ్చారు. జాకీలతో ఇళ్ళు లేపే మేస్త్రి. టైరు మార్చటానికి కారుని లేపుతామే, అలాగే ఇంటిని గోడల కింద వందల జాకీలు పెట్టి అంగుళం అంగుళం లేపుతాడు. ఇల్లు ఖాళీ చెయ్యాలా అని మాస్టారు అడిగితే అక్కర్లేదన్నాడు. లోపల కూర్చుని కాఫీ తాగండి, కప్పులో కాఫీ తొణికితే నాకు కూలి ఇవ్వకండి అన్నాడు.

అలాగే లేపాడు! ఊరంతా పనులు మానుకుని చూసింది. రేపల్లె బస్సు రోజూ కాసేపు ఆగి, ఇల్లు ఎంత లేచిందో చూసుకుని పోయేది. కిటికీలో బాలసరస్వతిగారు మొదట జనం మోకాళ్ళు చూశారు, తర్వాత బొత్తాలు చూశారు. మొహాలు కనపడ్డ రోజున, ఇన్నేళ్ళూ పాదాలతోనే పరిచయమున్న మనుషుల్ని మళ్ళీ పేర్లడిగి తెలుసుకున్నారు.

ఇల్లు రోడ్డుకన్నా నాలుగు మెట్లు పైకి చేరింది. ఒక వాన చూశాక కింద గోడ కట్టిద్దామని మాస్టారు జాకీలు అలాగే ఉంచమన్నారు. పాత ఇంటికే రెండోసారి గృహప్రవేశం పెట్టుకున్నారు. ఉన్న ఇంట్లోకి ప్రవేశించటానికి మంత్రం లేదని పురోహితుడు కాసేపు పేచీ పెట్టి, పులిహోర వాసన తగిలాక ఉందన్నాడు.

భోజనాల వేళకి జీపొకటి వచ్చి ఆగింది. జీవన్ కుమార్ అని కొత్తగా వచ్చిన రోడ్డు ఇంజనీరు. గడప దాకా వచ్చినవాణ్ణి మాస్టారు వదుల్తారా? విస్తరి వేసి కూర్చోబెట్టారు.

ఆయన ఇంటిని పైకీ కిందికీ చూసి తెగ సంతోషపడ్డాడు.

"చాలా మంచి పని చేశారు మాస్టారూ. మీ ఇల్లు పల్లంలో ఉందని మేమూ మొహమాటపడి ఇన్నాళ్ళూ పల్చగా వేశాం. ఇక భయం లేదు. వచ్చే వారం రెండు లేయర్లు వేసేస్తాం."

మాస్టారు ముద్ద విస్తట్లో పెట్టేసి, మెట్లెన్నో మరోసారి లెక్కపెట్టుకున్నారు.

బాలసరస్వతిగారు పరమాన్నం గిన్నెతో వచ్చి ఇంజనీరు ముందు నిలబడ్డారు. ఇంకా వడ్డించలేదు.

"నాయనా, కొత్తది వేసేముందు పాతది గీకాలంటారు కదా?"

"ఈసారికి అప్పుడే గీకేశాం కదండీ పిన్నిగారూ. పోయినసారీ గీకాం, అంతకుముందూ గీకాం. గీకినందుకు కాంట్రాక్టరుకి బిల్లు కూడా ఇచ్చేశాం."

విస్తళ్ళ ముందు కూర్చున్న వాళ్ళందరూ ఒక్కసారి తలలు తిప్పి రోడ్డు వైపు చూశారు. పైనుంచి చక్కగా కనపడుతోంది. ఏ పక్కా ఎక్కడా గోటి గీత లేదు.

"అలాగా," అన్నారు బాలసరస్వతిగారు. "గీకిన చోటు ఒక్కటి చూపించిరా బాబూ. వచ్చాక పరమాన్నం వేస్తాను."

ఇంజనీరు చెయ్యి కడుక్కుని చూపించటానికి దిగాడు. రోడ్డు మీద అటు కొంత దూరం నడిచాడు. ఇటు కొంత దూరం నడిచాడు. వంగి చూశాడు. బూటు కాలితో రాసి చూశాడు. ఆ తర్వాత ఎవరో ఫోన్ చేసినట్టు చెవి దగ్గర పెట్టుకుని జీపెక్కాడు.

మాట మీద నిలబడే మనిషి. వారం తిరక్కుండా రెండు లేయర్లూ వేయించాడు. మాస్టారి నాలుగు మెట్లలో ఒకటి తారు కిందికి పోయింది.

అయ్యా, నేను ఇప్పటికీ రోడ్డు పక్షమే! ఒక్క చిన్న సందేహం. జరిగిన పనికి బిల్లు రావటానికి మా ఊళ్ళో ఏళ్ళు పడుతుంది. జరగని పనికి అంత త్వరగా ఎలా వస్తుంది? ఆ కిటుకేదో చెబితే, మురుగుకాలవ కూడా ఆ పద్ధతిలోనే తవ్వించుకుంటాం.

తొలకరి వచ్చింది. నీళ్ళు రెండో మెట్టు దాకా వచ్చి ఆగాయి. ఇంట్లోకి రాలేదు. బాలసరస్వతిగారు జాగర్లమూడి వెళ్ళలేదు. మాస్టారు ఊపిరి పీల్చుకుని డేనియల్‌కి కబురు పెట్టారు, ఇక జాకీలు తీసి కింద గోడ కట్టెయ్యమని.

డేనియల్ తాపీ మనుషులతో వచ్చాడు. ఆవిడ గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డారు.

"జాకీలు తియ్యకు. ఇంకా లేపు."

"ఇంకెంత లేపమంటారమ్మా?"

"వాళ్ళు గీకేదాకా."