అన్ని గళ్లలోనూ నలభై

కొలిచి రాసేవాడు అమాయకుడు. రాసుకుని కొలిచేవాడు తెలివైనవాడు. అసలు కొలతబద్ద ముట్టకుండానే రాసేవాడు దేశానికి వెన్నెముక!

నవ్వకండి. ఇరవై రెండేళ్లుగా బోధన్ దగ్గర ఒక బడిలో సైన్సు చెబుతున్నవాడిని. చాక్‌పీసు మీద ఒట్టేసి చెబుతున్నాను. వండిన రీడింగును మించిన వరం మన చదువులకు లేదు. థర్మామీటరు, స్ప్రింగు త్రాసు, స్టాప్‌వాచీ - ఇవన్నీ పిల్లలను తికమక పెట్టడానికి పుట్టిన వస్తువులు. నమ్మదగిన పరికరం ఒక్కటే, పోయినేటి బ్యాచ్ రికార్డు నోటుబుక్కు. అది పగలదు, తుప్పు పట్టదు, దానికి కరెంటు అక్కర్లేదు!

మా ల్యాబు సంగతే చూడండి. లోలకానికి వేలాడే ఇత్తడి గుండు ఎనభై ఆరులో పోయింది. గోలీలాటకు పనికొస్తుందని ఎవడో పట్టుకుపోయాడు. అయినా ఆనాటి నుంచి మా బడిలో భూమ్యాకర్షణ తొమ్మిది వందల ఎనభైకి ఒక్క పాయింటు అటూ ఇటూ కాలేదు. గుండు ఉన్న రోజుల్లో తొమ్మిది వందల ముప్పై అని ఒకడు, వెయ్యీ పది అని ఇంకొకడు వచ్చి నా ప్రాణం తీసేవారు. గుండు పోయింది, భూమి స్థిమితపడింది!

బడి గేటు దాటి రండి. నాకు తెలిసిన ఒక సబ్‌స్టేషన్‌లో గంటగంటకూ వోల్టేజి రాసే పుస్తకం ఉంది. ప్రతి గంటకూ రెండు వందల ముప్పై. కరెంటు లేని గంటల్లో కూడా! ఆ పుస్తకానికి రెండు వైర్లు తగిలించి ఊరికిస్తే చెరుకు తోటల్లో ఒక్క మోటారైనా కాలిపోయేదా? ఇంకో ఆఫీసు ఆవరణలో వానను కొలిచే డబ్బా ఉంది. ఎవరో పుణ్యాత్ములు అందులో తులసి నాటారు. తులసి ఏపుగా పెరుగుతోంది, వాన లెక్క కూడా ఏటా ఏపుగానే పెరుగుతోంది.

ఇక మా పిల్లల బరువుల రిజిస్టరు! ఆరో తరగతి మొత్తం ఇరవై ఎనిమిది కిలోలు, తలకు. వాళ్లలో ఒకడు గుమ్మంలోంచి పక్కకు తిరిగి రావాలి. ఇంకొకడు గాలి వీస్తే జెండా స్తంభం పట్టుకోవాలి. రిజిస్టరులో మాత్రం ఇద్దరూ కవలలు. సమసమాజం ఇంతకంటే ఎక్కడ వచ్చింది?

ఇంత హాయిగా సాగుతున్న లోకంలోకి గంగామణి వచ్చింది.

గంగామణి మా తొమ్మిదో తరగతి పిల్ల. తప్పు నాదే. ఒక సైన్సు పత్రికలో చదివిన సంగతి నోరు జారి క్లాసులో చెప్పాను. యూరప్‌లో శాస్త్రవేత్తలు సీసం పరమాణువుల నడిమి కేంద్రకాలను దాదాపు కాంతి వేగంతో ఉరికించి, ఎదురుగా పెట్టిన సీసానికి కొట్టిస్తున్నారు. రెండు కేంద్రకాలు ఎదురెదురుగా తగిలితే ఒక్క దెబ్బకు వెయ్యికి పైగా కణాలు పుడతాయి. వాటిని లెక్కపెడతారు. మళ్లీ కొడతారు, మళ్లీ లెక్కపెడతారు. లెక్క ప్రతిసారీ మారుతుంది. మనమైతే సగటు తీసి, చేతులు కడుక్కుని, చాయ్ తాగుతాం. వాళ్లు అలా కాదట! ఏ దెబ్బ లెక్క ఆ దెబ్బకే దాచి, ఎంత పైకి పోయింది, ఎంత కిందికి దిగింది అని ఆ హెచ్చుతగ్గులనే కొలుస్తారట. లోపలి పదార్థం ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారబోయే ముందు ఆ ఊగిసలాట పెరుగుతుందని వాళ్ల అంచనా.

కోట్లు ఖర్చుపెట్టి ఊగిసలాటను కొలవడం! పని లేనివాళ్లు అనుకుని నేను మరిచిపోయాను. గంగామణి మరిచిపోలేదు.

జిల్లా సైన్స్ ఎగ్జిబిషన్ మర్నాడే నిజామాబాద్‌లో ఉందనగా ఒక నోటుబుక్కు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. సీసం లేదు కనుక మురమురాల ముద్దలు తీసుకుందట. వాళ్లవ్వ హన్మవ్వ బెల్లం పాకం పడితే, మురమురాలు కలిపి, రెండు ముద్దలు కట్టి, బీడీలకు చుట్టే దారంతో దూలానికి వేలాడదీసింది. రెండింటినీ చెరో పక్కకు లాగి వదిలితే మధ్యలో ఠప్! రాలిన గింజలు వాళ్లమ్మ బీడీలు చుట్టుకునే చాటలో పడతాయి. లెక్కపెట్టాలి, రాయాలి. మళ్లీ కొత్త ముద్దలు.

లేత పాకంతో కట్టిన ముద్దలు ప్రతిసారీ పూర్తిగా చితికిపోయాయి. తొంభై, తొంభై రెండు, తొంభై ఒకటి. ముదురు పాకపు ముద్దలు రాళ్లలా తగిలి వెనక్కి పోయాయి. రెండు గింజలు, మూడు, రెండు. మధ్యలో తీగ పాకం ఉంది చూశారూ, అక్కడే వచ్చింది గొడవంతా. నలభై ఒకటి, ఏడు, అరవై మూడు, ముప్పై ఎనిమిది, పన్నెండు, డెబ్బై, నలభై తొమ్మిది... ఇలా ముప్పై గళ్లు. పదకొండో గడిలో అంకె లేదు. “కోడి తిన్నది” అని ఉంది.

నోటుబుక్కు చివర గైడ్ టీచరుగా నేను సంతకం చేయాలి. సంతకం లేకపోతే ఎగ్జిబిషన్‌లో అడుగు పెట్టనివ్వరు. నేను మా హెడ్మాస్టరు ఆత్మారాం గారికి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

“ఏంది సార్ గిది? ఒకపారి ఏడు, ఒకపారి డెబ్బై. గివి రీడింగులా, మట్కా నంబర్లా?”

“కొట్టినప్పుడల్ల గట్లనే రాలినయి సార్,” అంది గంగామణి.

“మరి రీడింగు గడిల కోడేంది?”

“తిన్నది గద సార్.”

“తింటె ఇంకోటి కొట్టి రాయాలె.”

“ఇంకోటి కొడితె అది పన్నెండోది అయితది సార్. పదకొండోది కోడి తిన్నదే.”

ఆత్మారాం గారు నా వైపు చూశారు. నేను కిటికీలోంచి చెరుకు ట్రాక్టరును చూశాను.

“అన్ని కలిపి భాగిస్తె ఎంతొచ్చింది బిడ్డా?”

“నలభై సార్. కోడిది ఇడిసిపెట్టి.”

“అయిపాయె! ముప్పై గళ్లల్ల నలభై రాయి. జడ్జిలు ఖుష్, నువ్వు ఖుష్, కోడి ఖుష్. ఇగో సార్, రేపు పొద్దుగాల బస్సు. మాపటాల్లకు మీరే దగ్గరుండి రాయించుండ్రి. గిట్లనే తీసుకపోతె పిల్లను పంపేది లేదు.”

ఎంత దార్శనికుడు! యూరప్‌లో అన్నేళ్లుగా తేలని సంగతిని మా హెడ్మాస్టరు ఒక చాయ్ చల్లారే లోపల తేల్చేశారు. ఆయన్ని అక్కడికి పంపి ఉంటే ఆ యంత్రాలకు తాళం వేసి, “అన్ని దెబ్బలకూ వెయ్యి” అని బోర్డు రాయించి వచ్చేవారు.

సాయంత్రం నాలుగున్నరకు ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని గంగామణి ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. అరుగు మీద అరడజను మంది పిల్లలు గుమిగూడి ఉన్నారు. శాస్త్రం మీద ప్రేమతో కాదు, రాలినవి తినడానికి. కోడి కూడా వచ్చింది. దాన్ని గంప కింద మూసి, గంప మీద ఒక పిల్లవాణ్ని కూర్చోబెట్టారు.

హన్మవ్వ పొయ్యి ముందు గంటె పట్టుకుని కూర్చుంది.

“రా సారూ, కూసో. నీకొక ముద్ద ఇస్త. కొట్టకుంట తిను.”

“అవ్వా, లేతదీ ముదురుదీ దేనికది ప్రతిసారీ ఒక్కతీరుగానే రాలుతున్నాయి కదా. ఈ తీగ పాకానికి ఏమైంది?” అని అడిగాను.

“అది పిచ్చిది సారూ. లేతదేందో ఎర్కనే, ముదురుదేందో ఎర్కనే. తీగ పాకం అటు గాదు ఇటు గాదు, గడియకో తీరుంటది. గప్పుడే పొయ్యికాడి నుంచి లేవద్దు. జర సూపు పక్కకు పోయిందనుకో, సెయ్యి దాటిపోతది.”

నేను గొంతు సవరించుకుని, నోటుబుక్కు తెరిచి, పెన్ను మూత తీశాను. “అమ్మా గంగామణీ, అన్నింట్లో నలభై రాసెయ్. రేపు నిజామాబాద్ పోదాం.”

 ఆ పిల్ల చాట కింద పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది.

“రాస్త సార్. నాకు పోవాలనే ఉన్నది. కాని ఈడ సూడుండ్రి.” చివరి పేజీ తిప్పి, అచ్చు వేసిన వాక్యం మీద వేలు పెట్టింది. ‘ఈ కొలతలన్నీ నా సమక్షంలో తీసినవి.’ “దీని కింద మీరు సంతకం వెట్టాలె. మీరెప్పుడు సూసిండ్రు సార్?”

చిన్నపిల్ల. తెలియక అడిగింది. ఆ వాక్యం కింద నేను ఇరవై రెండేళ్లుగా సంతకాలు పెడుతున్నాను. ఎవరూ దాన్ని చదివిన పాపాన పోలేదు.

ఇక్కడ నేను ఒక మంచి కాగితం గురించి చెప్పాలి. నేను చూసిన వండిన రీడింగులన్నింటిలోకీ అది ఉత్తమమైనది.

పోయిన ఆషాఢంలో నా భార్య ప్రమీలకు జ్వరం వస్తే నిజామాబాద్‌లో ఒక ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉంచాం. మంచానికి కాళ్ల వైపు అట్టకు క్లిప్పుతో ఒక చార్టు వేలాడేది. నాలుగు గంటలకు ఒక గడి. ఇరవై నాలుగు గళ్లు. అన్నింట్లో తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. ఒకే పెన్ను, ఒకే వాలు, ముత్యాల్లాంటి అక్షరాలు. పరీక్ష పేపరు అయితే నేను నీట్‌నెస్‌కు రెండు మార్కులు ఎక్కువ వేసేవాణ్ని.

నా చెయ్యి ఆమె నుదుటి మీద ఉండేది. చెయ్యి కాలేది. “ఒళ్లు మండుతున్నది, జర చెప్పవా వాళ్లకు,” అని ఆమె కూడా అంది. కానీ నేను సైన్సు టీచరును. చేతికి గీతలూ అంకెలూ లేవు. కాగితానికి ఉన్నాయి. “నార్మల్ అనే రాసి ఉంది, భయపడకు,” అని చార్టు తీసి ఆమెకు చదివి వినిపించాను.

నాలుగో రోజు సాయంత్రం నాలుగు గంటలకు ఆమె పోయింది. ఆరు గంటల గడిలో కూడా తొంభై ఎనిమిది పాయింట్ ఆరే ఉంది.

ఆ గళ్లు నింపిన నర్సమ్మ ఏ బడిలో చదువుకుందో నేను అడగలేదు. చెబుతుందేమోనని.

సరే, అరుగు మీదికి వద్దాం. ఎర్ర పెన్నుకు మూత పెట్టాను. “ముద్దలు కట్టు,” అన్నాను.

ఇలా ఒక బాధ్యత గల ఉపాధ్యాయుడు చెడిపోయాడు! చొక్కా చేతులు పైకి మడిచి, ముప్పై దెబ్బలు కొట్టించి, చాట ముందు గొంతుక్కూర్చుని మురమురాలు ఏరాడు. మొదటి దెబ్బకు గంగామణి లెక్క ఇరవై నాలుగు, నా లెక్క ఇరవై ఆరు. మళ్లీ లెక్కపెడితే ఇద్దరికీ ఇరవై ఐదు. ఇంకోసారి పెడితే ఇరవై మూడు. పిల్లలందరి నోళ్లూ తెరిపించి చూశాం! ఎనిమిదో దెబ్బకు గింజలు ఎగిరి హన్మవ్వ జుట్టులో పడ్డాయి. “నన్నెందుకు లెక్కవెడ్తర్రా!” అని ఆమె కేకలు వేస్తుంటే, సిగ విప్పి ఒక్కొక్కటీ ఏరి నాలుగు తేల్చాం. పదిహేడో దెబ్బకు గంప మీది పిల్లవాడు ఆనందం పట్టలేక లేచి గంతులేశాడు. తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించగలరు. గంగామణి నా ముఖం చూసింది. “రాసెయ్,” అన్నాను.

కొత్త అంకెలు పాతవాటితో ఒక్క గడిలో కూడా కలవలేదు. తీగ పాకం ఊగిసలాట మాత్రం దాదాపు అంతే. రెండు వరుసలూ పక్కపక్కన రాయించి కింద సంతకం పెట్టాను. మర్నాడు పొద్దున మా హెడ్మాస్టరు లేచేసరికి మేం మొదటి బస్సులో బోధన్ దాటిపోయాం.

నిజామాబాద్‌లో న్యాయమే జరిగింది. నీలం రంగు నీళ్లతో, గేట్లు లేచి దిగే పోచంపాడ్ డ్యాం మోడల్‌కు మొదటి బహుమతి. గంగామణికి ఏమీ రాలేదు. ఒక జడ్జి మాత్రం ముద్ద రుచి చూసి, బెల్లం ఎక్కడిదని ఆరా తీశాడు.

చివరగా ఒక పెద్దావిడ వచ్చింది. ఏదో కాలేజీలో ఫిజిక్స్ చెబుతుందట. నిలబడి ఆ పట్టిక మీద వేలు పెట్టి, ఒక్కో గడీ నెమ్మదిగా కిందిదాకా చదివింది. తర్వాత నా సంతకం చూసి, నన్ను చూసింది.

“గైడ్ టీచర్ మీరేనా? ఇవి నిజంగ కొలిచినవేనా సార్, ఊకెనే రాసినవా?”

“కొలిచినవే మేడమ్. నేనక్కడనే ఉన్న,” అన్నాను.

ఆవిడ తలూపి, తర్వాతి టేబుల్ దగ్గరికి వెళ్లింది.

ఆ ప్రశ్న అడగడానికి ఎంతసేపు పట్టిందని? బస్సులో తిరిగి వస్తూ వాచీ చూసుకుంటూ ఆ మాటలే నాలో నేను అని చూశాను. నాలుగు సెకన్లు. ఇంకోసారి చూస్తే ఐదు. ప్రమీల మంచం పక్కన నాకు నాలుగు రోజులు ఉన్నాయి.