పాఠం చెడగొట్టిన గుర్వమ్మ

రోగమొచ్చిన పసివాడికి వెంటనే వైద్యం చేయడమంత తొందరపాటు పని లోకంలో మరొకటి లేదు! ఈ మాట అనగానే మీరు నా మీదికి చెప్పు ఎత్తుతారని తెలుసు. ఎత్తండి. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, నేను చెప్పేది మాత్రం చివరిదాకా వినండి.

వైద్యం చేస్తే ఏమవుతుంది? రోగం తగ్గుతుంది. రోగం తగ్గితే? లక్షణాలు పోతాయి. లక్షణాలు పోతే మెడికల్ స్టూడెంట్లు ఏం చూసి నేర్చుకోవాలి? వాళ్ళు నేర్చుకోకపోతే రేపు మీ మనవలకు మందెవరిస్తారు? మీ మనవల క్షేమం కోసం ఇవాళ ఎవరి బిడ్డో కాసేపు ఓపిక పడితే మీ సొమ్మేం పోయింది?

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. తరతరాలుగా ఆ రెండోవాణ్ణి మనం తిట్టిపోస్తున్నాం. పాపం, వాడు నిప్పును గురించి నేర్చుకోవడానికి వచ్చిన విద్యార్థి అయి ఉండవచ్చునని ఎవరికైనా తోచిందా?

ఇంత సూక్ష్మం గ్రహించిన మహానుభావుడు మన పాలమూరు జిల్లాలోనే ఉన్నాడు. పేరు ప్రొఫెసర్ అమరేందర్. పిల్లల డాక్టరు. లండన్ దాకా పోయి చదివి వచ్చాడు. ఆయన దవాఖాన ఏ ఊళ్ళో ఉందో మాత్రం చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు ఆయనకు సన్మానం పెట్టి, దండలకని మన దగ్గర చందాలు వసూలు చేస్తారు.

ఆయన రాకముందు అక్కడ ప్రాణం మీదికొచ్చిన పిల్లల్ని కాలు విరిగినవాడికీ కామెర్లవాడికీ మధ్యన పడుకోబెట్టేవారు. ఈయన వచ్చి పోట్లాడాడు. పై అధికారుల గడపలు అరిగేలా తిరిగాడు. చివరికి పిల్లలకని వేరే గది సాధించి, గోడలకు సున్నం కొట్టించి, కిటికీలకు జాలీలు పెట్టించి, ఒక ఆక్సిజన్ సిలిండరు తెప్పించి, దానికి అత్యవసర వార్డు అని పేరు పెట్టాడు. ఇందులో వెక్కిరింత ఏమీ లేదు. నిజంగా గొప్ప పనే.

అంతకంటే గొప్ప పని గురువారం పాఠం. ప్రతి గురువారం నగరం నుంచి ఒక బస్సెడు స్టూడెంట్లు దిగుతారు. ప్రొఫెసరుగారు ఒక మంచం దగ్గర నిలబడి రోగాన్ని వివరిస్తుంటే, రోగానికే తన మీద తనకు గౌరవం కలుగుతుందని చూసినవాళ్ళు చెబుతారు.

అలాంటి పాఠాన్ని మొన్న ఎండాకాలంలో ఒక గొర్రెలకాపరి భార్య మట్టిపాలు చేసింది. ఆ ఘోరాన్ని మీకు విన్నవించుకోవడానికే ఈ కాగితం ఖరాబు చేస్తున్నాను.

ఆమె పేరు గుర్వమ్మ. ఆత్మకూరు అవతల పల్లె. మొగుడు కురుమయ్య మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయాడు. ఇంట్లో ఏడాది నిండిన కొడుకుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పిల్లవాడి పేరు పర్వతాలు. పేరు చూస్తే కొండలు, ఎత్తి చూస్తే అప్పుడే ఈనిన గొర్రెపిల్లంత బరువు లేదు. తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని, ఒక చంకలో పిల్లవాణ్ణీ రెండో చేతిలో అంబలి ముంతనూ పెట్టుకుని ఆమె దవాఖానకు వచ్చింది. ఆ రోజు గురువారం.

"నిన్న మాపటి సంది డాక్టరమ్మా! తాపినయన్నీ కక్కుతుండు. కిందికి ఉత్త నీళ్ళే పోతున్నయ్. ఏడుస్తె కండ్లల్ల నీళ్ళు గూడ వస్తలేవు."

డాక్టరమ్మ అంటే మంజులత. కొత్తగా పరీక్ష పాసై, ప్రొఫెసరుగారి కింద పని నేర్చుకుంటున్న పిల్ల. పర్వతాల్ని చూడగానే ఆమె పరుగెత్తి సెలైను సీసా స్టాండుకు తగిలించింది. సూది చేతికి తీసుకుంది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే వైద్యం జరిగిపోయేదే!

సమయానికి ప్రొఫెసరుగారు వచ్చాడు. పిల్లవాడి మీదికి వంగాడు. కళ్ళు లోతుకు పోయాయి. మాడు గుంట పడింది. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే, మడత పెట్టిన బట్టలా అలాగే నిలిచింది. ఆయన ముఖం వికసించింది.

"వాహ్! ఇంత క్లాసిక్ కేసు ఈ ఏడాదిలో రాలేదు మంజులతా!"

"సెలైను పెడుతున్నాను సార్."

"ఆగమ్మా, ఆగు! సెలైను ఎక్కితే ఈ గుంటలన్నీ పూడిపోతాయి. స్టూడెంట్స్ ఏం చూస్తారు? బస్సు దారిలోనే ఉంది. అప్పటిదాకా నోటికి కూడా ఏమీ ఇవ్వకండి."

బస్సు దారిలోనే ఉంది. ఆయన అబద్ధమాడలేదు. జడ్చర్ల దగ్గర టైరు పేలి దారిలోనే ఆగి ఉంది.

ఈ పద్ధతిని మన ప్రభుత్వం అన్ని శాఖల్లోనూ పెట్టాలని నా మనవి. బావిలో పడ్డవాణ్ణి, ఈత నేర్చుకునేవాళ్ళు గట్టు మీద చేరేదాకా తీయకూడదు. కన్నం వేస్తున్న దొంగను, కొత్తగా చేరిన పోలీసులు వచ్చి కన్నం కొలతలు రాసుకునేదాకా పట్టుకోకూడదు. దొంగకు మాత్రం తొందరేముంది? జ్ఞానం పెరుగుతుంది, దొంగకు మర్యాద దక్కుతుంది.

గుర్వమ్మకు ఇవేమీ తెలియవు. ఆమెకు తెలిసిందల్లా నెత్తి మీద సీసా వేలాడుతోంది, అందులో నీళ్ళున్నాయి, అవి తన కొడుకు ఒంట్లోకి పోవడం లేదు. పొద్దెక్కేకొద్దీ పిల్లవాడి మూలుగు సన్నబడుతోంది.

"డాక్టరమ్మా, గా సీస పెడ్తలేరేంది?"

మంజులత తల వంచుకుంది. "పట్నం నుంచి చాలామంది డాక్టర్లు వస్తున్నరమ్మా. వాళ్ళు చూసినంక పెడ్తం."

ఈ జవాబు మీకూ నాకూ ఒకలా అర్థమవుతుంది. గొర్రెలింట పుట్టి గొర్రెలింట మెట్టిన మనిషికి ఇంకోలా అర్థమైంది. అంగడి రోజు గొర్రెను వాడిపోయిన మొహంతో ఎవరైనా తోలుకుపోతారా? తెల్లవారగానే ఉప్పు నాకిస్తారు. దాహం పుట్టాక నీళ్ళు తాపుతారు. కడుపు నిండుతుంది, కళ్ళు తేటపడతాయి. బేరగాడు వచ్చి నడుము పట్టి చూస్తే తోలు వదులుగా తగలదు. వాడు నచ్చితే కొంటాడు, లేకపోతే పక్క గొర్రె దగ్గరికి పోతాడు.

పట్నం డాక్టర్లూ అలాగే మంచం మంచం తిరిగి, నచ్చిన పిల్లవాడికి సీసా పెడతారన్నమాట! గుర్వమ్మ తన కొడుకును చూసుకుంది. పీక్కుపోయిన మొహం, ఎండిన పెదవులు. ఆమెకు దుఃఖం ఆగలేదు.

"గీ మొకం జూసి నిన్నెవలు ఒప్పుకుంటరు బిడ్డా!"

కొంగుతో కళ్ళు తుడుచుకుని పనిలో పడింది. ముంతలో పైకి తేరిన అంబలి తేట వంచుకుంది. కొంగున ముడేసుకున్న ఉప్పులోంచి చిటికెడు వేసింది. బయట చాయ్ దుకాణంలో అడుక్కొచ్చిన బెల్లం ముక్క కలిపింది. కొంగు కొస అందులో ముంచి, పిల్లవాడి నోట్లో చుక్క చుక్కగా పిండింది. వాడు కక్కాడు. మూతి తుడిచి మళ్ళీ పిండింది. మళ్ళీ కక్కాడు. మళ్ళీ పిండింది.

నోటికేమీ ఇవ్వవద్దన్న ఉత్తరువు అంతటిది నలుగురి మధ్య ఇలా మంటగలిసిపోయింది! మంజులత చూడలేదా అంటే చూసింది. చూసి, కిటికీ వైపు తిరిగి, జాలీ గట్టిగా ఉందో లేదో చాలాసేపు పరీక్షించింది.

పొద్దు నడినెత్తి దాటాక బస్సు వచ్చింది. స్టూడెంట్లు మంచం చుట్టూ చేరారు. ప్రొఫెసరుగారు గొంతు సవరించుకున్నాడు.

"ఈ శిశువు శరీరంలో నీరు అడుగంటింది. అందువల్ల నిన్న సాయంత్రం నుంచి మూత్రం లేదు. దగ్గరికి రండి, గమనించండి!"

అందరూ దగ్గరికి వచ్చి గమనించారు. పర్వతాలు ప్రొఫెసరుగారి తెల్లకోటు చెయ్యి మీద ధారగా ఉచ్చ పోశాడు.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రొఫెసరుగారు చర్మం పట్టి వదిలాడు. అది నెమ్మదిగానైనా సర్దుకుంది. పిల్లవాడు కెవ్వుమన్నాడు, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి!

"ఎవరు తాపారు వీడికి? ఏం తాపారు?"

"నేనే సారూ!" అంది గుర్వమ్మ ముందుకొచ్చి. "గింతమంది పెద్దమనుషులు వస్తుండ్రంటిరి. ఉన్నది ఉన్నట్టె సూపిస్తె ఏం బాగుంటది? గందుకే జర కళ పెట్టిన."

"కేసంతా ఖరాబు చేశావు గదమ్మా!" అని ఆయన నొచ్చుకున్నాడు. ఆ నొప్పి నటన కాదు, కష్టపడి పాఠం తయారుచేసుకున్నవాడికి తెలుస్తుంది. తర్వాత మంజులత వైపు తిరిగి, "ఇక వీడిలో చూడ్డానికేం లేదు. సెలైను పెట్టెయ్" అన్నాడు.

న్యాయం గమనించారా? నేర్పగలిగిన పిల్లవాడు ఆగాలి. ఎందుకూ పనికిరాని పిల్లవాడికి వైద్యం చేయవచ్చు!

గుర్వమ్మ మాత్రం సూది ఎక్కుతుంటే రెండు చేతులూ జోడించింది. "ఒప్పుకుండ్రు! నా కొడుకును ఒప్పుకుండ్రు!" అని అందరి ముందూ ఏడ్చింది.

ఇలాంటి అరాచకం మళ్ళీ జరగకూడదు కదా? వారం తిరిగేసరికి వార్డు గుమ్మం పైన నల్లరంగు బోర్డు వెలిసింది. "గురువారం పాఠము ముగియువరకు తల్లులు లోనికి రారాదు." ముచ్చటైన అక్షరాలు, ఒక్క తప్పు లేదు. పిల్లల ప్రాణాలు కాపాడే గదిలో తల్లుల వల్ల ఎంత అంతరాయం కలుగుతోందో ఇన్నాళ్ళకు కనిపెట్టారు.

మరుసటి గురువారం నారాయణపేట నుంచి రఘుపతి అనే బడిపంతులు, ఆయన భార్య లీలమ్మ, అవే వాంతులతో పాపను తెచ్చారు. పాపను లోపల పడుకోబెట్టారు. సీసా తగిలించారు. బస్సు ఇంకా రాలేదు. రఘుపతి పంతులు బోర్డును మొదటి నుంచి చివరిదాకా చదివి, భార్యకు అర్థం చెప్పి, మెట్టు మీద కూర్చోబెట్టాడు. ఎంత క్రమశిక్షణ! దేశానికి ఇలాంటి పౌరులే కావాలి.

లోపల పాప ఏడుపు వినిపిస్తున్నంతసేపూ లీలమ్మ ఏడవలేదు. అది ఆగిపోయాక మొదలుపెట్టింది.

అప్పుడే గుర్వమ్మ వచ్చింది, వారానికి ఒకసారి చూపించమన్నారని. చంకలో పర్వతాలు, చేతిలో అదే ముంత.

"ఏందమ్మా, బయట కూసున్నవు? లోపల పిల్ల ఎవలది?"

"మా పాపనే. లోపలికి పోవద్దంటున్నరు అక్కా! పొద్దటి సంది నోట్లె సుక్క లేదు."

"ఎవలన్నరు?"

రఘుపతి పంతులు బోర్డు చూపించాడు. "అక్కడ రాసి ఉన్నది గదమ్మా."

గుర్వమ్మ తలెత్తి బోర్డును ఎగాదిగా చూసింది. "గా పలకనా? గది నన్నేం జేస్తది?" అంది. కొడుకును పంతులు చేతుల్లో పెట్టింది. "లే చెల్లె! పెద్దమనుషులు వచ్చేటాళ్ళకు పిల్లకు జర కళ పెట్టొద్దా?"

లీలమ్మ చెయ్యి పట్టుకుని, ముంత ఎత్తుకుని, గడప దాటింది. తలుపు దగ్గర నిలబడ్డ మంజులత పక్కకు జరిగి దారి ఇచ్చింది.

పాఠకులారా, విద్య గొప్పదని పొద్దటి నుంచీ మీతో గొంతు చించుకుంటున్నాను. ఇక మీరు చెప్పు దించినా సరే, విసిరినా సరే. ఆ గడప బయట ఒక పంతులున్నాడు. గడపలో ఒక డాక్టరమ్మ ఉంది. దారిలో ఒక బస్సెడు స్టూడెంట్లున్నారు. లోపల ఒక పాప నాలుక పిడచకట్టుకుని పోతోంది. బోర్డు చదవగలిగిన వాళ్ళందరూ బోర్డు దగ్గర ఆగిపోయారు.

గుర్వమ్మకు చదువు రాదు.