ఇది ఉచిత క్యాంపు కాదు

శనివారం ఉదయం ఆరు గంటలకు డ్రాయింగు మాస్టారు వేసిన పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. హైవే దిగి, గడ్డి మైదానం దాటి, నది ఒడ్డున గుడారం వేయాలి. గ్యాసు పొయ్యి, కుర్చీ, ఫోను ఏవీ వెంట తీసుకుపోకూడదు. ఎండుపుల్లల మంట మీద బంగాళాదుంపలు కాల్చుకుని తినాలి, నేల మీదే పడుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండు రోజులపాటు ఆయన భార్య ఎవరి నాడీ పట్టుకోకూడదు; అలాగని ఆమె చేత ఒట్టు కూడా వేయించుకున్నారు.

ఆమె హైవే పక్కనున్న మూడు గదుల ప్రభుత్వ ఆసుపత్రిలో పన్నెండేళ్ళుగా నర్సు. అక్కడికి రోగులెవరూ రావడం లేదనీ, మూసివేయడమే మేలనీ డాక్టరుగారు పై అధికారికి నివేదిక పంపారు. సోమవారం ఉత్తరువు రానుంది. వస్తే నర్సమ్మ నూరు మైళ్ళ అవతలికి పోవాలి, మాస్టారు ఇక్కడే బడిలో ఉండాలి. నిజానికి రోగులు రాకపోలేదు. కానీ పేర్లు రాసే పుస్తకం డాక్టరుగారి సొరుగులో ఉంది, సొరుగు తాళంచెవి డాక్టరుగారి జేబులో ఉంది, ఆ జేబు పట్నంలోని ఆయన సొంత ఆసుపత్రిలో ఉంది. పుస్తకంలోకి ఎక్కని రోగి ప్రభుత్వం లెక్కలో ఆరోగ్యవంతుడే.

ఈ దిగులు మరిపించాలనే మాస్టారి తాపత్రయం. బయలుదేరేముందు తలుపు మీద అందమైన పెద్ద అక్షరాలతో రాశారు: “క్యాంపుకు వెళ్ళాం. రెండు రోజులు. పాలు వద్దు.” పొద్దున ఉల్లాసంలో కింద “నది ఒడ్డున” అని కూడా చేర్చారు. క్యాంపంటే ఆయన ఉద్దేశంలో గుడారం. చుట్టుపక్కల జనానికి మాత్రం ఆ మాటకు ఒకటే అర్థం: ఊరి బయట టెంటు, టెంటులో డాక్టరు, చేతిలో ఉచితంగా మాత్రలు. నర్సమ్మ ఇంటి తలుపు మీద ఆ మాట చూసిన పాలవాడు, ఆ ఉదయం పాలతోపాటు కబురునూ ముప్పై ఇళ్ళలో పోశాడు.

వెనకాల బస్సులో దుంపల బస్తాతో రావలసిన బావమరిది దారి తప్పకూడదని, మాస్టారు హైవే పక్కన “క్యాంపు” అని బాణం గుర్తుతో ఒక అట్ట కూడా పాతారు.

గుడారం నాలుగుసార్లు కూలి అయిదోసారి నిలబడింది. అప్పుడే కర్ర ఊతంగా ఒక ముసలాయన వచ్చాడు.

“క్యాంపు ఇదేనా నాయనా?”

“ఇదే తాతా!” మాస్టారు మురిసిపోయారు. “రా, చూడు.”

ముసలాయన చతికిలబడి కింది రెప్ప లాగి పట్టుకున్నాడు. “చూడాల్సింది నువ్వు. ఎడమది బొత్తిగా మసక.”

“అయ్యో, ఇది ఆ క్యాంపు కాదు తాతా. మేం ఊరికే వచ్చాం.”

“ఊరికేనని తెలిసేగా వచ్చాను! డబ్బులడిగితే ఎవడొస్తాడు?”

మాస్టారు నోరు తెరిచేలోగా రోడ్డు మీద బస్సు ఆగింది. బావమరిది కండక్టరుతో “మా అక్క క్యాంపు దగ్గర ఆపండి” అన్నాడట. కండక్టరు “క్యాంపువాళ్ళంతా దిగండి!” అని కేకేశాడట. నలభైమంది దిగారు. వారిలో సగంమంది అసలు వేరే ఊరికి టిక్కెట్టు కొన్నవాళ్ళు. అందరి వెనకాల బస్తా నెత్తిన పెట్టుకుని బావమరిది.

“బావా, ముగ్గురమే అన్నావు! దుంపలు చాలవు!”

“నోరుమూసుకుని ఆ అట్ట పీకి తీసుకురా!”

అట్ట వచ్చింది. మాస్టారు దాన్ని తిరగేసి, ఎవరికీ సందేహం మిగలకూడదని రాశారు: “ఇది ఉచిత క్యాంపు కాదు.” దాన్ని మళ్ళీ పాతించారు. దాంతో అంతవరకు ఆగకుండా పోతున్న లారీలు కూడా ఆగాయి.

“డబ్బు పుచ్చుకుంటున్నారంటే పెద్ద డాక్టరే వచ్చుంటాడు,” అని ఒక డ్రైవరు ఇంకో డ్రైవరుకు వివరించాడు.

నర్సమ్మ నిట్టూర్చి, చుట్టిపెట్టిన దుప్పటి విప్పింది. లోపలినుంచి బీపీ మిషను బయటపడింది.

“ఏమే! ఒట్టేశావు కదా!”

“నాడి పట్టుకోనని ఒట్టేశానండీ. బీపీ చూడనని వెయ్యలేదు. మీరు బొమ్మలు వేసుకునే పుస్తకం ఇలా తెచ్చి, పేర్లు రాయండి.”

మాస్టారు రాశారు. పేరు, ఊరు, వయసు, బాధ. సంతకం రానివారికి బొమ్మలు గీసే బొగ్గుతో వేలిముద్ర. మందులు లేవని నర్సమ్మ మొదటే చెప్పినా ఒక్కరూ కదలలేదు. వారికి ముందు కావలసింది తమ మాట వినే మనిషి. మధ్యాహ్నం మూడింటికి పేర్లు రెండువందల పద్నాలుగుకు చేరాయి. అప్పుడు దుమ్ము రేపుకుంటూ డాక్టరుగారి జీపు వచ్చింది. ఎవరో పుణ్యాత్ముడు ఫోను చేసి చెప్పాడు.

“ఎవరి అనుమతితో పెట్టావమ్మా ఈ క్యాంపు? బదిలీ కాదు, సస్పెన్షన్ రాయిస్తా!”

మాస్టారు రాయడం ఆపేశారు. భార్యకు సుఖం ఇద్దామని బయలుదేరి, ఉన్న ఉద్యోగానికే ఎసరు పెట్టారు.

“తమరెవరు బాబూ?” ముసలాయన అడిగాడు.

“నేను ఈ ఆసుపత్రి డాక్టర్ని!”

“ఓరి దేవుడా! మన ఆసుపత్రికి డాక్టరున్నాడర్రా!”

జనం లేచి నిలబడ్డారు. “అయితే మీరే పెట్టించారా ఈ క్యాంపు!” అని ఒకామె చేతులెత్తి దండం పెట్టింది. చప్పట్లు మోగాయి. ఒక లారీ డ్రైవరు ఫోను పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. దాన్ని చూడగానే డాక్టరుగారి చెయ్యి తనంతట తానే జుట్టు సవరించుకుంది.

“ఆఁ… మరి… ప్రజలకు సేవ చెయ్యడం మా బాధ్యత కదా…”

“అయితే సార్,” నర్సమ్మ బొమ్మల పుస్తకం ముందుకు చాపింది. “చివర మీ సంతకం పెట్టండి. మీ క్యాంపుకి రికార్డుండాలి.”

డాక్టరుగారు ఫోను వైపు చిరునవ్వు నవ్వుతూ సంతకం పెట్టారు. తేదీ వేశారు. హోదా రాశారు. ఒక్క రోజులో రెండువందల పద్నాలుగుమంది రోగులు వచ్చారని, ఎవరూ రావడం లేదని రాసిన చేతితోనే ధ్రువీకరించారు. సంగతి మాస్టారికి అర్థమై ఊపిరి అందింది. డాక్టరుగారికి మాత్రం సోమవారం దాకా అర్థం కాలేదు.

సోమవారం తొమ్మిది గంటలకు ఆ పుస్తకం పై అధికారి బల్ల మీద ఉంది. పదకొండింటికి మూసివేత ఉత్తరువు రద్దయింది. ఇంత రద్దీ ఉన్నచోట డాక్టరు రోజూ ఉదయం తొమ్మిదినుంచి సాయంత్రం నాలుగు దాకా స్వయంగా ఉండి తీరాలని ఇంకో ఉత్తరువు వెలువడింది.

మంగళవారం డాక్టరుగారు విధులకు గంట ఆలస్యంగా వచ్చారు. ఆసుపత్రి ఎక్కడుందో దారిలో ముగ్గురిని అడగవలసి వచ్చిందట.