ముల్లు ఎగరకుండా ఒక్క పాట

ఆదివారం పొద్దున్న ఇన్‌స్పెక్టరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి అక్క వస్తుంది. నాన్న వదిలివెళ్లిన రికార్డు ప్లేయరు మీద ఆ పాత పాట పెట్టాలి. అక్క చివరిదాకా వినాలి. అంతే.

ఆ అంతే యాభై ఏళ్లుగా జరగలేదు. చిన్నప్పుడు నాన్న ఆ పాట పెట్టి పిల్లలిద్దరినీ కదలకుండా కూర్చోమనేవాడు. అక్క బుద్ధిగా కూర్చునేది. తమ్ముడి కాళ్లు మాత్రం ఆఖరి చరణం దాకా ఆగేవి కావు. లేచి ఒక్క గెంతు గెంతేవాడు. చెక్క నేల అదిరి రికార్డు మీది ముల్లు ఎగిరిపడేది. "ఇవాళ్టికి చాల్లే" అని నాన్న పెట్టె మూసేసేవాడు. ఇప్పుడు అక్కకి వినికిడి తగ్గిపోతోంది, ఏడాది తిరిగేసరికి పాటలు అందకపోవచ్చన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచి ఇన్‌స్పెక్టరు గారికి తన కాళ్ల మీద తనకే కోపంగా ఉంది.

ఇల్లు అదే, మేడ మీది వాటా, నేలంతా చెక్కే. తూనికలు కొలతల శాఖలో రిటైరైన మనిషి కనుక ఆయన ఉజ్జాయింపులు నమ్మరు. ప్లేయరు పక్కన గ్లాసు నిండా నీళ్లు పెట్టి చూశారు. నీళ్లు వణికాయి.

"ఫ్రిజ్," అన్నారు. భార్యాభర్తలిద్దరూ ఆపసోపాలు పడి దాన్ని వరండాలోకి గెంటారు. నీళ్లు ఇంకా వణికాయి. కిర్రుమంటుందని సోఫా కూడా బయటికి పోయింది. భార్యని మునివేళ్ల మీద నడవమన్నారు.

"పెళ్లికూతురుగా ఉన్నప్పుడు కూడా ఇంత మెల్లిగా నడవలేదండీ," అందావిడ.

కింది వాటాలో దర్జీ మిషను మిగిలింది. ఆవిడ మునివేళ్ల మీదే మెట్లు దిగి, గుసగుసగానే అడిగింది: "ఓ గంట మిషను ఆపుతావా నాయనా? వాళ్లక్కగారు వస్తున్నారు."

దర్జీ తలెత్తి చూశాడు. సామానంతా బయట ఉంది. ఇన్‌స్పెక్టరు గారు వారం రోజులుగా వీధిలోకి రాలేదు. ఆవిడ గొంతు పెగలడం లేదు. ఇలాంటప్పుడు గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదని, మిషను ఆపి, వీధిలో నలుగురికీ చెప్పాడు.

పావుగంటలో ముప్పైమంది వచ్చారు. పాట వినడానికి ఆయనే పిలిచారనుకుని ఆవిడ అందరినీ నేల మీద కూర్చోబెట్టి, "కదలకండి" అని సైగ చేసింది. ఆయన ప్లేయరు పెట్టిన బల్ల కింద బోర్లా పడుకుని, చెవి నేలకి ఆనించి, ఇంకెక్కడ అదురుతోందో వింటున్నారు. బల్లగుడ్డ అంచు కింద నుంచి రెండు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. వాటిని చూసి కొందరు కళ్లు తుడుచుకున్నారు.

అంతలో అక్క వచ్చింది. ఫ్రిజ్జు చూసింది, జనాన్ని చూసింది, పాదాలు చూసింది.

"ఒరేయ్ తమ్ముడూ, నాకన్నా ముందు పోయావురా," అంటూ వాటి మీద పడి భోరుమంది.

"మెల్లిగా అక్కా, ముల్లు ఎగిరిపోతుంది," అన్నాయి పాదాలు.

ఆయన పైకి లేచారు. "సార్, మీరు బాగానే ఉన్నారే," అన్నాడు దర్జీ, కాస్త నిరాశగా. వెంటనే లేచిపోతే బాగుండదని ఎవరూ కదల్లేదు. ఇన్‌స్పెక్టరు గారు గ్లాసు చూశారు. ముప్పైమంది బరువుకి చెక్కలు అణిగిపోయి, నీళ్లు నిలకడగా ఉన్నాయి. గబగబా పాట పెట్టారు.

ఆఖరి చరణం వచ్చింది. నిజానికి అది మొదటి చరణమంత బాగా లేదు. అయినా అక్క బాగా వినపడే చెవి అటు పెట్టి, తమ్ముడి మోకాలు గట్టిగా పట్టుకుని, పూర్తిగా వింది. ఆయనకి నాన్న గుర్తొచ్చాడు. ఏడుపు ఆగలేదు. ఎందుకో తెలియకపోయినా జనం కూడా ఏడ్చారు.

అందరూ వెళ్లాక అక్క కళ్లు తుడుచుకుని, "ఇంకొక్కసారి పెట్టరా," అంది. పెట్టారు. సరిగ్గా ఆఖరి చరణం దగ్గర భార్య గ్లాసు తీయబోయి ఒక్క అడుగు వేసింది. ముల్లు ఎగిరిపడింది.

ఇన్‌స్పెక్టరు గారు చొక్కా తొడుక్కుని, తన పరామర్శకి మళ్లీ రమ్మని పిలవడానికి వీధిలోకి బయల్దేరారు.