స్కాట్లండ్ కవికి ఉద్వాసన

సుభాషిణి దద్దోజనంలోకి అల్లం సన్నగా తరుగుతోంది. హాల్లో అత్తగారు జానకీదేవి గంట వాయిస్తోంది. ఆవేళ మూలా నక్షత్రం, సరస్వతీ పూజ. పోపు వేసి, గిన్నె తీసుకెళ్ళి అమ్మవారి ముందు పెట్టి, నైవేద్యం అవగానే మెట్రో ఎక్కేయాలని సుభాషిణి లెక్క. లెక్కంతా ఆ పోపు మాడకుండా ఉండటం మీదే ఆధారపడి ఉందని ఆమె అనుకుంది.

సుభాషిణి ఢిల్లీలో ఒక లైబ్రరీలో అరుదైన పుస్తకాల గదికి ఇన్‌చార్జి. ఆ గది మొత్తం ఒకే ఒక్క స్కాట్లండ్ కవిది. ఎప్పుడో ఒక తేయాకు తోటల దొర ఆ కవి మీద పిచ్చితో ఆయన రాసిన పుస్తకాలు, ఆయన మీద రాసిన పుస్తకాలు, ఆయన బొమ్మ ఉన్న పింగాణీ కప్పులతో సహా పోగేసి, పోతూ పోతూ లైబ్రరీకి ఇచ్చిపోయాడు. ఎండాకాలంలో ఏసీ కోసం వచ్చి కునుకు తీసేవాళ్ళు తప్ప ఆ గదికి పాఠకులు తక్కువ. అందుకే కొత్త డైరెక్టర్ భరద్వాజ్ గారి కన్ను దాని మీద పడింది. పోటీ పరీక్షల పిల్లలకి దాన్ని రీడింగ్ హాలు చేసి, కవిగారిని నరేలాలోని గోడౌనుకి పంపుదామని ఆయన ఆలోచన. కవిగారితో పాటు సుభాషిణిని కూడా. సరోజినీ నగర్ నుంచి నరేలాకి వెళ్ళి రావడమంటే సగం రోజు బస్సులోనే గడిచిపోతుంది.

ఆశ ఒక్కటే. స్కాట్లండ్ నుంచి డాక్టర్ మోరాగ్ అనే పెద్దావిడ వచ్చింది. దేశదేశాల్లో ఆ కవి పుస్తకాలు ఎలా ఉన్నాయో చూసి నివేదిక రాయడం ఆవిడ పని. ఢిల్లీలో ఉండేది ఇవాళ ఒక్కరోజే. ఆవిడ బాగుందని రాస్తే గదిని ఎవరూ కదపలేరు. ఆవిడ ముఖ్యంగా చూడాలన్నది కవి బతికుండగానే అచ్చయిన ఒక చిన్న పుస్తకం. అది ఇనప్పెట్టెలో ఉంటుంది. ఇనప్పెట్టెకి తాళంచెవి ఒక్కటే, అది లైబ్రరీ సూపరింటెండెంటు రాధాకృష్ణమూర్తి గారి దగ్గర ఉంటుంది. ఆయన దసరాకి ఊరెళుతూ, "రేపు తీసేవాళ్ళుండరమ్మా. గేట్‌పాస్ రాసిస్తాను, మీ ఇంటికి పట్టుకెళ్ళి పొద్దున్నే తెచ్చేయండి" అన్నాడు. అలా కవిగారు పట్టుగుడ్డలో చుట్టుకుని, అట్టపెట్టెలో కూర్చుని, సుభాషిణి బ్యాగులో రాత్రి ఇంటికొచ్చారు.

పోపు మాడలేదు. చీర మార్చుకుని బ్యాగు భుజానికి తగిలించుకుంది సుభాషిణి. బ్యాగు తేలిగ్గా ఉంది. తెరిచి చూస్తే అట్టపెట్టె ఉంది, అందులో ఏమీ లేదు.

"అత్తయ్యా! నా బ్యాగులో పుస్తకం..."

"పూజలో పెట్టాంగా" అంది జానకీదేవి, అదేం ప్రశ్న అన్నట్టు. "ఇంట్లో చదువుకునే వస్తువు ఏదీ బయట ఉండకూడదని నిరంజన్ అన్నీ వెతికి పట్టుకొచ్చాడు. అన్నిటికంటే పాతదట కదా, పెద్దవాళ్ళకి ఇచ్చే గౌరవం ఇవ్వాలని దాన్నే అడుగున పెట్టాను."

సుభాషిణి హాల్లోకి పరుగెత్తింది. పీట మీద పళ్ళెం, పళ్ళెంలో బియ్యం, బియ్యం మీద పట్టుగుడ్డలో కవిగారు. ఆయన మీద కూతురు సాత్విక సెలవుల హోంవర్కు, క్వార్టర్స్‌లో సగం మంది పిల్లల పుస్తకాలు, వాటి మీద నిరంజన్ తెచ్చిన దిండ్లంత లావు గైడ్లు, అన్నిటి మీదా సరస్వతి పటం. ముందు కొబ్బరికాయతో కలశం. వంగి చూసింది. కుంకుమబొట్టు గుడ్డ మీదే పడింది, పుస్తకానికి అంటలేదు. అంతవరకు నయం.

"అది ఆఫీసు పుస్తకం అత్తయ్యా! తీసివ్వండి, వెళ్ళాలి."

"తీసెయ్యడమేవిటే! దశమినాడు ఉద్వాసన చెప్పేదాకా ఒక్క కాగితం కదలడానికి వీల్లేదు. నిరంజన్‌కి ఇది మూడోసారి పరీక్ష. అమ్మవారు అలిగితే నువ్వు ఊరుకోబెడతావా?"

నిరంజన్ జానకీదేవి చెల్లెలి కొడుకు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాడు. పూజలో పెట్టిన పుస్తకం ముట్టుకోకూడదని తెలిసిన దగ్గర్నుంచి అతనికి భక్తి ముదిరి, ఉన్న పుస్తకాలన్నీ ఆటోలో వేసుకుని వచ్చేశాడు. ఇప్పుడు సోఫాలో వెల్లకిలా పడుకుని క్రికెట్ చూస్తున్నాడు.

"పెద్దమ్మ చెప్పిందంటే చెప్పిందే వదినా. ఆచారం" అన్నాడు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

"నువ్వు నోరు ముయ్యవయ్యా! అసలు నా బ్యాగులో చెయ్యి పెట్టమన్నదెవరు?"

"సరస్వతి ఎక్కడుంటే అక్కణ్ణుంచి తేవాలి కదా" అన్నాడు.

గొడవ విని సుభాషిణి భర్త విష్ణువర్ధన్ గడ్డం సబ్బుతో బయటికొచ్చాడు. ఆయన ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఉద్యోగంలో చేరాక ఒక్క సూటి వాక్యం రాసిన పాపాన పోలేదు.

"దీనికింత కంగారెందుకు? ఫోన్ ఇటివ్వు" అని, ఆమె వద్దు వద్దంటున్నా డైరెక్టర్‌కి ఫోన్ చేశాడు. "సర్, పుస్తకం ప్రస్తుతానికి కదిలించే స్థితిలో లేదు సర్. సంప్రదాయ పద్ధతిలో సంరక్షణ జరుగుతోంది. అనుభవజ్ఞురాలైన ఒక పెద్దావిడ స్వయంగా చూసుకుంటున్నారు. దశమికి పూర్తవుతుంది." ఫోన్ పెట్టేసి గడ్డం గోక్కున్నాడు. "చూశావా? ఒక్క అబద్ధం కూడా ఆడలేదు."

సుభాషిణి తల పట్టుకుంది. ఆమె తల మీంచి చేతులు తీయకముందే ఫోన్ మోగింది.

"సుభాషిణీజీ, వండర్‌ఫుల్!" డైరెక్టర్ గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది. "పుస్తకాల సంరక్షణకి మన దగ్గర పాత పద్ధతులున్నాయని మేడమ్‌కి చెప్పాను. ఆవిడ అది చూసి తీరాలంటోంది. మీ ఇంటికే వస్తున్నాం."

"సార్, ఇల్లంతా చిందరవందరగా..."

"ఠీక్ హై, ఠీక్ హై. చాయ్ చాలు."

తర్వాత సుభాషిణి ఇల్లు సర్దలేదు. పీట పక్కనే కూర్చుని, అత్తగారు వత్తి ఎగదోసినప్పుడల్లా దీపాన్ని కాస్త అవతలికి జరుపుతూ, అగరొత్తి పొగని వీపుతో అడ్డుకుంటూ ఉండిపోయింది. ఆమెకి ఇన్నాళ్ళకి భక్తి కుదిరిందని జానకీదేవి సంతోషించింది.

దసరా బేరాలతో మార్కెట్ కిక్కిరిసి ఉండటంతో కారు లోపలికి రాలేదు. డైరెక్టర్ చెమటలు కక్కుతూ నడిచొచ్చాడు. మోరాగ్ మాత్రం రెండు ప్లాస్టిక్ సంచులతో, మెడలో కొత్త చున్నీతో చాలా హుషారుగా వచ్చింది. జానకీదేవి ఎదురెళ్ళి, ఇద్దరి చేతా చెప్పులు విప్పించి, కాళ్ళు కడుక్కోమని బాత్రూమ్ చూపించి, పెద్దావిడకి బొట్టు పెట్టి లోపలికి తీసుకొచ్చింది.

డైరెక్టర్ పీట చూశాడు, కొబ్బరికాయ చూశాడు, సుభాషిణిని చూశాడు.

"యే క్యా హై?" అన్నాడు పళ్ళ మధ్యనుంచి. "ఇదా సంరక్షణ? పుస్తకం ఏదీ?"

"అడుగున, సార్."

"తియ్యండి."

"మా అత్తగారు ఒప్పుకోరు సార్."

"అచ్ఛా. అయితే నరేలా ఆర్డర్ రేపే టైపు చేయిస్తాను" అన్నాడు, మోరాగ్ వైపు చూసి నవ్వుతూనే.

ఆ మాట సాత్విక చెవిన పడింది. "నానమ్మా, అంకుల్ మమ్మీని నరేలా భేజ్ దేంగే!" అని అరిచింది.

"నరేలా అంటే ఎక్కడరా?" అంది జానకీదేవి కొడుకుతో.

"అటు చివరమ్మా. తెల్లవారకముందే బయల్దేరాలి. వచ్చేసరికి రాత్రవుతుంది."

"మరి వంటో?"

విష్ణువర్ధన్ సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాడు. నిరంజన్ టీవీ శబ్దం తగ్గించాడు. జానకీదేవి అమ్మవారి పటం వంక చూసింది, వంటింటి వంక చూసింది, మళ్ళీ పటం వంక చూసింది.

"అమ్మవారికి తెలియదా ఏవిటి!" అంటూ లేచి, కలశాన్ని వేలెడంత ఉత్తరానికి జరిపింది. "యథాస్థానం ప్రవేశయామి. అయిపోయింది. తీసుకోండి."

పొద్దుటినుంచి మూడులోకాలు ఏకమైనా కదలని పూజ ఒక్క తోపుతో కదిలిపోయింది. సుభాషిణికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గబగబా గైడ్లు పక్కకి దించి, బియ్యం గింజలు దులిపి, గుడ్డ విప్పకుండానే పుస్తకాన్ని రెండు చేతులతో మోరాగ్ ముందు పెట్టింది.

మోరాగ్ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఆవిడ ఇప్పుడేం చేశారు?" అని ఇంగ్లీషులో అడిగింది. సుభాషిణి దాచకుండా మొత్తం చెప్పింది. ఇవాళ పుస్తకం తెరవకూడదనీ, మీకోసం అత్తగారు ముందుగానే విడిచిపెట్టారనీ.

"అయితే నేను తెరవను" అంది మోరాగ్.

"మేడమ్!" అన్నాడు డైరెక్టర్.

"మేడమ్, తెరవచ్చు" అంది సుభాషిణి బతిమాలుతూ. "ఉద్వాసన అయిపోయింది. ఇప్పుడేం ఫరవాలేదు."

"మా అమ్మమ్మ ఆదివారంనాడు ఈ కవి పుస్తకం ముట్టుకోనిచ్చేది కాదు. దేవుడి పుస్తకం తప్ప ఇంకేదీ తెరవకూడదనేది. ఇలాంటి పెద్దవాళ్ళ మాట నేను దాటను."

"ఏవంటోందే?" అంది జానకీదేవి. సుభాషిణి చెప్పింది. జానకీదేవి ముఖం చాటంతయింది. "చూశావా! ఎక్కడో పుట్టిన మనిషికి తెలిసింది. నీకు తెలియలేదు."

ఉద్వాసన చెప్పిన మనిషే ఆ మాట అనడం విని సుభాషిణి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. పొద్దున్నే ఈవిడ ఒప్పుకుని ఉంటే ఆవిడ చూసేది. ఇప్పుడు ఈవిడ ఒప్పుకుంటే ఆవిడ చూడనంటోంది. మధ్యలో నరేలా బస్సు ఆమె కళ్ళముందు బయల్దేరింది.

మోరాగ్ మాత్రం పీట ముందు కూర్చుని పళ్ళెంలో బియ్యాన్ని వేలితో కదుపుతోంది. "ఆయన నాగలి పట్టిన మనిషి. ఎన్నో దేశాల్లో ఆయన పుస్తకాన్ని గాజుపెట్టెల్లో, చేతి తొడుగులతో చూపించారు. ధాన్యం మీద కూర్చోబెట్టినవాళ్ళు మీరే" అంది. తర్వాత డైరెక్టర్ వైపు తిరిగింది. "లోపలున్నది నాకు కంఠతా వచ్చు. దాన్ని ఎవరు చూసుకుంటున్నారో చూడ్డానికే వచ్చాను. చూశాను. ఆ గదిని ఖాళీ చేస్తారని మీ లైబ్రరీలోనే ఎవరో అన్నారు."

"ఎవరన్నారు మేడమ్?" డైరెక్టర్ అదిరిపడ్డాడు. "ఆ గది ఎక్కడికీ వెళ్ళదు. సుభాషిణీజీ కూడా ఎక్కడికీ వెళ్ళరు. పై ఏడాది ఈ పూజ లైబ్రరీలోనే చేద్దాం. దద్దోజనం సుభాషిణీజీ చేస్తారు."

"ఎంతమందికి సార్?" అంది సుభాషిణి నీరసంగా. ఎవరూ వినిపించుకోలేదు. మోరాగ్ దద్దోజనం రెండోసారి వడ్డించుకుంటోంది.

అతిథులు వెళ్ళాక సుభాషిణి కవిగారిని అట్టపెట్టెలో పెట్టి, పెట్టెని బ్యాగులో పెట్టి, బ్యాగుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జానకీదేవి తలుపు దగ్గర నిలబడి, మెట్ల మీద మూగిన పిల్లలందరికీ వినపడేలా కేకేసింది.

"ఉద్వాసన అయిపోయిందర్రా! ఇంకేం ఆచారం లేదు. ఎవరి పుస్తకాలు వాళ్ళు పట్టుకెళ్ళి హోంవర్కులు మొదలెట్టండి. నిరంజన్, నీక్కూడా చెబుతున్నాను."

సాత్విక "నానమ్మా, నాట్ ఫెయిర్!" అని కాళ్ళు నేలకేసి కొట్టింది. టీవీలో మ్యాచ్ ఇంకా నడుస్తూనే ఉంది. నిరంజన్ సోఫాలోంచి లేచాడు. వదిన వంక చూశాడు. వదిన బ్యాగు జిప్పు లాగింది. అతను గైడ్లన్నీ ఒక్కొక్కటీ చేతుల మీద పేర్చుకుని, పైదాన్ని గడ్డంతో అదిమిపట్టి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సరస్వతీ పూజకి ఫలితం అదే రోజు దక్కడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.